తొమ్మిది, ఒకటి: పదమూడేళ్లు బయటికి రాని ఒక ట్రయల్

1993లో ఒక అంతర్జాతీయ హృద్రోగ పత్రికలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ వైద్యులు ప్రచురించిన చిన్న పరిశోధనా పత్రాన్ని ఈ మధ్య చదివాను. అందులో వివరించిన ప్రయోగం 1980లో జరిగింది. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన 95 మందిని రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి గుండె లయ తప్పకుండా కాపాడుతుందనుకున్న లోర్కైనైడ్ అనే కొత్త మందును, రెండో వర్గానికి మందేమీ లేని ప్లాసిబోను ఇచ్చారు. మందు తీసుకున్నవారిలో తొమ్మిదిమంది చనిపోయారు. ప్లాసిబో తీసుకున్నవారిలో ఒక్కరు చనిపోయారు.

ఆ తొమ్మిది మరణాలూ కాకతాళీయమని అప్పట్లో అనుకున్నామనీ, వ్యాపార కారణాల వల్ల ఆ మందు అభివృద్ధిని మానేయడంతో ఫలితాలను ప్రచురించనే లేదనీ, ప్రచురించి ఉంటే రానున్న ముప్పుకు అవి ముందస్తు హెచ్చరికగా పనికివచ్చి ఉండేవేమోననీ ఆ నలుగురు వైద్యులే ఆ పత్రంలో రాశారు. వారిలో ఒకరు జాన్ హాంప్టన్. మన దేశంలో ఎంబీబీఎస్ చదివిన చాలామంది ఈసీజీ చదవడం నేర్చుకున్నది ఆయన రాసిన చిన్న పుస్తకం నుంచే. అంతటి గురువు, ఎవరూ అడగకపోయినా, పదమూడేళ్ల తర్వాత ఆ అంకెలను తనంతట తాను లోకం ముందు పెట్టాడంటే నాకు ఆయన మీద గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు. అయితే, అంకెలు బయటికి రావడానికి ఒక మంచి మనిషి మనస్సాక్షి మీద ఆధారపడవలసిన స్థితి ఉండకూడదన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న మాట.

నేను వైద్యుణ్ణి కాను. హైదరాబాదులోని ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో కొన్నేళ్లుగా సామాన్య పౌరుల తరఫు సభ్యుడిగా కూర్చుంటున్నాను. వైద్యులు, న్యాయవాది, సామాజిక శాస్త్రం తెలిసినవారితో పాటు నాలాంటి సామాన్యుడు కూడా ఉంటేనే ఆ కమిటీకి కోరం ఏర్పడుతుంది. మనుషుల మీద మందు పరీక్షించాలంటే మా ఆమోదం కావాలి. ఆమోదానికి ముందు మేము అడగగలిగే ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. ట్రయల్ ముగిశాక మేము అడిగే ప్రశ్నలు దాదాపు లేవు. ఈ లోటు నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. నాటింగ్‌హామ్ పత్రం చదివాక ఆ బాధకు ఒక స్పష్టమైన రూపం వచ్చింది.

లయ చక్కబడితే ప్రాణం నిలిచినట్టేనన్న నమ్మకం

ఆ ముప్పు ఏమిటో అర్థం కావాలంటే 1980లలో వైద్యలోకం ఏమి నమ్మేదో చూడాలి. గుండెపోటు నుంచి బయటపడినవారి ఈసీజీలో మధ్యమధ్య అదనపు స్పందనలు కనిపిస్తాయి. అవి ఎక్కువగా ఉన్నవారిలో హఠాన్మరణాలు కూడా ఎక్కువని పరిశీలనల్లో తేలింది. కాబట్టి ఆ అదనపు స్పందనలను అణిచివేస్తే మరణాలు తగ్గుతాయని అనుకోవడం అందరికీ సహజంగానే తోచింది. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే మందులు వాటిని అద్భుతంగా అణిచివేసేవి. లోర్కైనైడ్ లాగే ఈ రెండూ గుండె కణాల్లోకి సోడియం వెళ్లే మార్గాలను అడ్డుకుని, విద్యుత్ ప్రవాహాన్ని నెమ్మదింపజేసే మందులు. 1985, 1986 సంవత్సరాల్లో అమెరికాలో వాటికి ఆమోదం వచ్చింది. వైద్యులు వాటిని విరివిగా రాశారు. రోగికి మందు ఇచ్చి, రోజంతా ఈసీజీని నమోదు చేసే హోల్టర్ అనే చిన్న పరికరం పెడితే, మర్నాటి కాగితం మీద గీత చక్కగా, సమంగా కనిపించేది. వైద్యుడికీ రోగికీ కంటి ముందున్న రుజువు అది.

అమెరికా జాతీయ హృదయ, శ్వాసకోశ, రక్త సంస్థ ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి కాస్ట్ అనే పేరుతో పెద్ద ట్రయల్ మొదలుపెట్టింది. ముందుగా ప్రతి రోగికీ మందు ఇచ్చి చూసి, అదనపు స్పందనలు కనీసం 80 శాతం తగ్గినవారినే అసలు పరీక్షలోకి తీసుకున్నారు. అంటే మందు చక్కగా పనిచేస్తోందని కాగితం మీద రుజువైనవారే అందులో ఉన్నారు. అలాంటివారిలో సగం మందికి అదే మందు, సగం మందికి ప్లాసిబో ఇచ్చారు. రోగులకు ప్లాసిబో ఇవ్వడం అన్యాయమని భావించి తమ రోగులను ఈ ట్రయల్‌కు పంపడానికి ఇష్టపడని వైద్యులు కూడా ఉన్నారు. లెక్కల ప్రణాళిక వేసినప్పుడైతే, మందు మేలు చేస్తుందా అన్న ఒక్క దిక్కు చూస్తే చాలునని, కీడు చేస్తుందేమో చూడనక్కర్లేదని ప్రతిపాదన వచ్చింది. భద్రతను పర్యవేక్షించే బోర్డు అందుకు ఒప్పుకోలేదు. కీడుకు కూడా ఒక హద్దు గీసి ఉంచాలని పట్టుబట్టింది.

1989 ఏప్రిల్‌లో ఆ రెండు మందులతో పరీక్షను అర్ధాంతరంగా ఆపవలసివచ్చింది. తర్వాత ప్రచురించిన పూర్తి లెక్క ప్రకారం, సగటున పది నెలల కాలంలో మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ప్లాసిబో తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. మూడో మందు మోరిసిజిన్‌తో పరీక్ష కొనసాగించారు. ఒక్కో రోగి చికిత్స మొదలుపెట్టిన తొలి రెండు వారాల్లోనే మందు పుచ్చుకున్న 665 మందిలో 17 మంది, ప్లాసిబో పుచ్చుకున్న 660 మందిలో ముగ్గురు మరణించడంతో 1991లో దాన్నీ ఆపేశారు. గుండెపోటు వల్ల కండరంలో మచ్చ పడి, రక్తం సరిగా అందని చోట ప్రవాహాన్ని ఇంకా నెమ్మదింపజేస్తే అది అక్కడే సుడి తిరిగే అవకాశం పెరుగుతుందనీ, చిన్నచిన్న స్పందనలను అణిచిన మందే ప్రాణాంతకమైన లయకు దారి తీస్తుందనీ తర్వాతి పరిశోధకులు వివరించారు.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇంకొకటి. కాస్ట్ సమాచారాన్ని తర్వాత తరచి చూసినప్పుడు, అదనపు స్పందనలు సులభంగా అణిగిపోయే రోగులు సహజంగానే ఎక్కువకాలం బతికేవారని తేలింది. ఆ సంగతి 1980లలో ప్రాక్టీసు చేస్తున్న వైద్యుడికి తెలిసే వీలు లేదు. మందు పనిచేసినవాళ్లు బతకడం, పనిచేయనివాళ్లు పోవడం అతను తన కళ్లతో చూస్తున్నాడు. ఎంత నిజాయితీగా, ఎంత శ్రద్ధగా చూసినా అతని అనుభవం అతనికి తప్పు దారే చూపిస్తుంది. చనిపోయిన రోగి విషయంలో, మందు లేకపోతే ఇంకా ముందే పోయేవాడని అనుకుంటాడు. ఎదుట ప్లాసిబో వర్గం లేకపోతే ఈ వలయం నుంచి బయటపడే దారి లేదు. నాటింగ్‌హామ్‌లో 1980లోనే అలాంటి వర్గం ఉంది. చిన్నదే, కానీ ఉంది. దాని ఫలితం బీరువాలో ఉండిపోయింది.

నాకే కలిగిన సందేహాలు

ఇక్కడ నా వాదనకు ఎదురునిలిచే మాటలు కూడా చెప్పాలి. వాటిలో కొన్ని బలమైనవి.

మొదటిది, పదే పది మరణాలు. ఈ పదింటినీ బొమ్మా బొరుసూ వేసి రెండు వర్గాలకు పంచామనుకుంటే, ఏదో ఒక వైపు తొమ్మిదో పదో పడే అవకాశం నూటికి రెండు పాళ్లు ఉంటుంది. ఏటా వందల కొద్దీ చిన్న ట్రయల్స్ జరిగే లోకంలో నూటికి రెండు అరుదేమీ కాదు. ప్రతి చిన్న ట్రయల్‌లో కనిపించిన ప్రతి తేడానూ హెచ్చరికగా తీసుకుంటే ఏ మందూ ముందుకు సాగదు. కాబట్టి కాకతాళీయమని అనుకోవడంలో ఆ వైద్యుల దోషం నాకు కనిపించదు. నా ఆక్షేపణ వారి తీర్పు మీద కాదు. ఒక చిన్న ట్రయల్ ఒంటరిగా ఏమీ చెప్పలేకపోవచ్చు. అదే వర్గానికి చెందిన మందులతో ఇంకెక్కడో జరిగిన మరో నాలుగు ట్రయల్స్ పక్కన దాన్ని పెట్టి చూస్తే చెప్పగలదేమో. అలా పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఎవరికీ మిగలకపోవడమే నా బాధ. ఇది కాకతాళీయమా కాదా అని తేల్చే పని, ఆ అంకెలను చూసినవారు ఆ నలుగురే అయినప్పుడు, ఆ నలుగురి మీదే పడుతుంది. అది వారికీ న్యాయం కాదు.

రెండోది, ప్రచురించినా ఏమి మారేది అన్న ప్రశ్న. లోర్కైనైడ్‌ను గుండెపోటు వచ్చిన తొలి రోజుల్లో ఇచ్చారు. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్‌లను కోలుకున్నవారికి నెలల తరబడి ఇచ్చారు. రెండు సందర్భాలూ వేరని వైద్యులు కొట్టిపారేసి ఉండవచ్చు. మందు వల్ల కీడు జరగవచ్చునన్న ఆలోచనే రానంత నమ్మకం ఉన్న రోజుల్లో ఒక చిన్న పత్రం ఎవరి కలాన్నీ ఆపకపోయి ఉండవచ్చు. ఆ మందుల వల్ల అమెరికాలో ఎన్ని ప్రాణాలు పోయాయన్న దానిపై పదివేలల్లో పెద్ద అంచనాలు వేసినవారున్నారు. అవన్నీ కాస్ట్ ఫలితాలను వాడకంతో గుణించి కట్టిన లెక్కలు. వాటి ఆధారంగా ఈ ఒక్క పత్రం ఇన్ని ప్రాణాలు కాపాడేదని చెప్పడానికి నా మనసు ఒప్పదు. కానీ ప్రణాళిక వేసేటప్పుడు కీడు వైపు చూడనక్కర్లేదన్న మాట వచ్చిన ఆ గదిలో, ఎవరో ఒకరి చేతిలో ఈ తొమ్మిదీ ఒకటీ ఉండి ఉంటే, ఆ మాట అంత తేలిగ్గా వచ్చేది కాదని మాత్రం నమ్ముతున్నాను. ఇలాంటి ట్రయల్‌ను ఇంకా ముందే పెట్టమని అడిగేవారు కూడా పుట్టుకొచ్చేవారేమో.

మూడోది మా కమిటీలోని ఒక హృద్రోగ నిపుణురాలు అన్న మాట. చెడు ఫలితాలను అరకొరగా బయటపెడితే జనం భయపడి పనికివచ్చే మందులను కూడా మానేస్తారని ఆవిడ ఆందోళన. అది నిజమే. అయితే చరిత్ర చూస్తే నాకు దానికి వ్యతిరేకమైన పాఠమే కనిపిస్తోంది. కాస్ట్ తర్వాత ఎన్‌కైనైడ్ మార్కెట్ నుంచి పోయింది గాని ఫ్లెకైనైడ్ పోలేదు. గుండె కండరానికి దెబ్బ తగలని, నాళాల జబ్బు లేని మనిషికి గుండె పై గదులైన కర్ణికలు గతి తప్పి కొట్టుకునే జబ్బు వస్తే, ఈనాటికీ ఆ మందును వైద్యులు ధైర్యంగా రాస్తున్నారు. ఎవరికి ఇవ్వకూడదో తెలియడం వల్లనే ఎవరికి ఇవ్వవచ్చో తెలిసింది.

గుండె లయను సరిచేసే మరో మందు డ్రోనెడరోన్ విషయం కూడా అంతే. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 627 మందితో జరిపిన ట్రయల్‌ను 2003లో మధ్యలోనే ఆపేశారు. మందు తీసుకున్నవారిలో 25 మంది, ప్లాసిబో తీసుకున్నవారిలో 12 మంది మరణించారు. అలాంటి రోగులను మినహాయించి, 4628 మందితో మరో పెద్ద ట్రయల్ జరిపి, 2009లో తీవ్ర హెచ్చరికతో ఆ మందుకు అమెరికాలో ఆమోదం ఇచ్చారు. చెడు ఫలితం ఆ మందును చంపలేదు, దానికి తగిన చోటు చూపించింది. అయితే 2003లో ఆగిన ఆ ట్రయల్ వైద్య పత్రికలో పూర్తిగా అచ్చయింది 2008లో. నియంత్రణ సంస్థలకు ముందే తెలిసి ఉండవచ్చు. కానీ అదే కోవకు చెందిన మందులతో పనిచేస్తున్న మిగతా ప్రపంచం ఐదేళ్లు ఎదురుచూడవలసివచ్చింది. కాస్ట్ నేర్పిన పాఠం అందరికీ తెలిసిన కాలంలో కూడా ఇలా జరిగింది.

ఇక వ్యాపార రహస్యం అన్న వాదన గురించి ఎక్కువ చెప్పను. మందు తయారీ పద్ధతి కంపెనీ సొత్తు కావచ్చు. ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్నది కంపెనీ సొత్తు కాదు.

మన దగ్గర

మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 జూలైలో మొదలైంది. 2009 జూన్ నుంచి నియంత్రణ కిందికి వచ్చే ట్రయల్స్‌ను అందులో నమోదు చేయడం తప్పనిసరి అయింది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలన్న నియమం వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. 1980లో నాటింగ్‌హామ్ ప్రయోగం జరిగిన సంగతే బయటివారికి తెలియదు. ఇప్పుడు కనీసం ఫలానా ట్రయల్ ఫలానా ఊళ్లో మొదలైందని ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడవచ్చు. మొదలైన సంగతి తెలిసినంత సులభంగా ముగింపు సంగతి తెలియాలి. పాల్గొన్న వాళ్లకు, వాళ్ల కుటుంబాలకు అన్నిటికన్నా అవసరమైనది అదే. ప్రతికూల ఫలితాలను కూడా అనుకూల ఫలితాల లాగే ప్రచురించాలని, మనుషుల మీద జరిపే వైద్య పరిశోధనలకు నైతిక సూత్రాలు చెప్పే హెల్సింకీ ప్రకటన 2000 నాటి సవరణలోనే చెప్పింది. మా కమిటీ ముందుకు వచ్చే ప్రతి దరఖాస్తులోనూ ఆ ప్రకటనను పాటిస్తామన్న హామీ ఉంటుంది.

కొంతకాలం కిందట గుండెకు సంబంధించిన ఒక మందు ట్రయల్ మా ఆసుపత్రిలో మధ్యలో ఆగిపోయింది. ఆ ట్రయల్ జరిపిస్తున్న స్పాన్సర్ కంపెనీ నుంచి కమిటీకి ఒక పేజీ ఉత్తరం వచ్చింది. వ్యాపార వ్యూహంలో మార్పు కారణంగా అధ్యయనాన్ని నిలిపివేస్తున్నామని, భద్రతకు సంబంధించిన కారణాలేవీ లేవని అందులో ఉంది. సమావేశంలో ఆ ఉత్తరాన్ని చదివి, నమోదు చేసుకుని, తర్వాతి అంశానికి వెళ్లాము. అందులో అబద్ధం ఉందని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ లేదు. మా కేంద్రంలో చేరిన రోగులెవరికీ ప్రాణాపాయం కలగలేదు కూడా. కానీ మిగతా కేంద్రాల్లో ఎంతమంది చేరారు, మందు వర్గంలో ఏమైంది, ప్లాసిబో వర్గంలో ఏమైంది అన్న అంకె ఒక్కటీ అందులో లేదు. లోర్కైనైడ్‌ను కూడా వ్యాపార కారణాలతోనే ఆపేశారన్న సంగతి చదివినప్పుడు నాకు వెంటనే ఆ ఉత్తరమే గుర్తొచ్చింది.

ఆ ట్రయల్ నడుస్తున్న రోజుల్లో కమిటీ తరఫున పర్యవేక్షణకు వెళ్లి కొందరు రోగులతో మాట్లాడాను. అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ముందు అన్నీ చెప్పారా అని అడగడం మా పని. ఆపేశాక, ఒకరోజు ఓపీ దగ్గర వాళ్లలో ఒక పెద్దాయన నన్ను గుర్తుపట్టి పిలిచాడు. నల్లగొండ దిక్కు ఊరు ఆయనది. "సారూ, ఆ గోలీలు పనిచేసినయా లేదా? బంద్ చేసిండ్రు గానీ ఎందుకో ఎవలూ చెప్పకపాయె. నాకిచ్చింది మందా, ఉత్త గోలీనా, గదన్న చెప్పుండ్రి" అన్నాడు. ఆయన దబాయించలేదు, నష్టపరిహారం అడగలేదు. నెలల తరబడి బస్సెక్కి వచ్చి, రక్తం ఇచ్చి, హోల్టర్ కట్టించుకుని ఇంటికి వెళ్లిన మనిషి, తాను చేసిన పని వల్ల ఎవరికైనా ఏదైనా తెలిసిందా అని అడుగుతున్నాడు. డాక్టరుగారిని కనుక్కుని చెబుతానన్నాను. కనుక్కున్నాను. మాకూ చెప్పలేదండీ అన్నారు ఆయన.

అంగీకార పత్రంలో దాదాపు ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది: ఈ అధ్యయనం వల్ల మీకు నేరుగా మేలు జరగకపోవచ్చు, కానీ ఇందులో తెలిసే విషయాలు భవిష్యత్తులో ఇతర రోగులకు ఉపయోగపడవచ్చు. ఆ పెద్దాయన వేలిముద్రో సంతకమో పెట్టింది ఆ వాక్యాన్ని నమ్మే. ఫలితం బయటికి రాకపోతే ఆ వాక్యం అబద్ధమవుతుంది, దాన్ని చదివి ఆమోదించిన మేము కూడా ఆ అబద్ధంలో భాగస్వాములమవుతాము. పరిశోధనా ఫలితాలను వెల్లడించకపోవడం శాస్త్రీయ దుష్ప్రవర్తనేనని 1990లోనే బ్రిటిష్ వైద్య పరిశోధకుడు ఇయన్ చామర్స్ రాశారు. నేను శాస్త్రం వైపు నుంచి మాట్లాడలేను. మాట తప్పడం గురించి మాట్లాడగలను.

కమిటీ ముందు పెట్టిన ప్రతిపాదన

అందుకే మా కమిటీలో ఒక తీర్మానం ప్రతిపాదించాను. ఏ కారణంతో ఆగినా, ట్రయల్ ముగిసిన పన్నెండు నెలల్లో ఫలితాలను అందరూ చూడగలిగే చోట పెడతామని స్పాన్సర్ దరఖాస్తుతో పాటే రాసివ్వాలి. అదే స్పాన్సర్ కొత్త దరఖాస్తు తెచ్చినప్పుడు, మా దగ్గర లోగడ ముగిసిన ట్రయల్స్ ఫలితాలు ఎక్కడ ఉన్నాయో చూపించాలి. పాల్గొన్న ప్రతి మనిషికీ, తాను తీసుకున్నది మందో కాదో, మొత్తం మీద ఏమి తేలిందో, తెలుగులోనో ఉర్దూలోనో ఒక పేజీలో రాసి ఇవ్వాలి.

న్యాయవాది సభ్యుడు దీనికి అభ్యంతరం చెప్పారు. ట్రయల్ ముగిశాక స్పాన్సర్‌ను నిలదీసే అధికారం ఒక ఆసుపత్రి కమిటీకి ఎక్కడిదని ఆయన ప్రశ్న. పైగా చాలా దేశాల్లో ఒకేసారి జరిగే ట్రయల్‌కు మా షరతు నచ్చకపోతే వాళ్లు మరో ఆసుపత్రికి వెళతారని, అప్పుడు మన రోగులకు కొత్త మందు అందే అవకాశం పోతుందని అన్నారు. రెండో మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఆ నష్టం నిజమైనదే. మొదటి మాటకు మాత్రం జవాబు ఉంది: ముగిశాక అధికారం లేదు, మొదలుపెట్టేటప్పుడు ఉంది. కాస్ట్‌లో ఆ పర్యవేక్షణ బోర్డు చేసింది కూడా అదే. కీడు కనిపించాక హద్దు గీయమనలేదు, ఏమీ కనిపించకముందే గీసి ఉంచమంది.

హృద్రోగ నిపుణురాలు తీర్మానాన్ని బలపరిచారు గాని, పన్నెండు నెలలు చాలవని, పద్దెనిమిది చేయమని అడిగారు. అందుకు ఒప్పుకున్నాను. పత్రికల్లో ప్రచురణకు పట్టే కాలం ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. రోగులకు ఇచ్చే పేజీ ఎవరు రాయాలన్న దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది. అందులోనూ సర్దుకోగలను. ఏ వర్గంలో ఎందరు చేరారో, ఎందరు చనిపోయారో అన్న ఆ నాలుగు అంకెలు మాత్రం, ఏ గడువుతోనూ నిమిత్తం లేకుండా, ఎవరికి మందు, ఎవరికి ప్లాసిబో ఇచ్చారో విప్పి చూడగలిగిన మొదటి రోజునే ముగింపు ఉత్తరంలో ఉండాలన్న షరతును నేను వదులుకోను.